మేజర్ గారి తల మీది తుపాకి

విజయవాడ స్టేషన్లో రైలు దిగేసరికి వాన అప్పుడే వెలిసింది. జూలై నెల. ప్లాట్‌ఫారం సిమెంటు మీంచి ఆవిరి లేస్తోంది. నా సామాను ఒక నల్ల ట్రంకుపెట్టె, ఒక పక్కబట్టల హోల్డాలు, ఒక పనిముట్ల సంచి. పెట్టెలో ఉన్ని బనీన్లు, మంచుబూట్లు, తోలు తొడుగులు. రెండు శీతాకాలాలు ఉత్తరాది కొండల మీద గడిపి వస్తున్నాను. అక్కడ ప్రాణంగా చూసుకున్నవేవీ ఇక్కడ అక్కరకు రావని స్టేషన్ మెట్లు దిగకముందే అర్థమైంది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

నేను ఆర్మరర్‌ని. సైన్యంలో తుపాకులు పేల్చేవాళ్లు చాలామంది ఉంటారు. అవి పాడైతే విప్పి బాగుచేసేవాణ్ణి ఆర్మరర్ అంటారు. నా హోదా హవల్దార్. కొండ మీద మంచు నా కుడిచేతి చూపుడువేలినీ మధ్యవేలినీ కొరికింది. వేళ్లు దక్కాయి గాని వాటి కొసల్లో స్పర్శ పోయింది. చొక్కా గుండీ పెట్టుకోవాలంటే తల వంచి చూసుకోవాలి. "ఏడాదిపాటు వెచ్చటి చోట పని చెయ్యి. ఆ తర్వాత మెడికల్ బోర్డు చూసి చెబుతుంది" అని ఆస్పత్రి డాక్టరు గారు పంపించారు. బోర్డు సరేనంటే ఆర్మరర్‌గా కొనసాగుతాను. కాదంటే స్టోర్లో కంబళ్లు మడతపెట్టాలి. మీసాలు రాని వయసు నుంచి స్క్రూడ్రైవర్ పట్టినవాడికి ఆ కంబళ్ల గది తలుచుకుంటేనే ఊపిరాడదు.

స్టేషన్ బయట మా బండి నిలబడి ఉంది. డ్రైవరు హర్యానా మనిషి. వన్ టౌన్ సందుల్లో మిరపబస్తాల తోపుడుబళ్ల మధ్య హారన్ మీదే బండి నడిపాడు. భవానీపురం చేరేసరికి ఒకపక్క కృష్ణ కనిపించింది. ఎర్రగా, నిండుగా, తొందరేమీ లేకుండా పోతోంది. ఒడ్డుకు కాస్త ఎడంగా పాత పెంకుటి బంగళా. గేటు దగ్గర సెంట్రీ. అదే మా డిటాచ్‌మెంట్. విజయవాడ పెద్ద జంక్షను కాబట్టి సైన్యం సామాను ఒక రైల్లోంచి ఇంకో రైల్లోకి ఇక్కడే మారుతుంది. ఆ పని చూడటానికి పన్నెండు మందిమి. మా రైఫిళ్లతో పాటు చుట్టుపక్కల యూనిట్ల రైఫిళ్లకు తుప్పు పట్టకుండా చూడటం నా డ్యూటీ.

హాల్లో మేజర్ గారి బల్ల. పెద్ద మీసాల పంజాబీ మనిషి. మాట్లాడేది హిందీ. ఆయన మాటలు మీకు తెలుగులోనే చెబుతాను. బూట్లు టకటకలాడించి సెల్యూట్ చేసి నిలబడ్డాను. ఆయన ఏదో అడుగుతున్నారు. నా కళ్లు మాత్రం ఆయన తల పైకి పోయాయి.

"హవల్దార్, నేను ఇక్కడున్నాను."

"తెలుసు సాబ్. కాని ఆ తుపాకి మిమ్మల్నే చూస్తోంది."

ఆయన వెనక గోడకు పొడుగాటి పాతకాలపు రైఫిలు వేలాడుతోంది. ఒక మేకు వదులై గొట్టం మూతి కిందికి వాలింది. వాలి సరిగ్గా మేజర్ గారి నడినెత్తికి గురిపెట్టింది.

"అది బంగళా ఓనరుగారిది. ముసలి తుపాకి. ఎందుకూ పనికిరాదు."

"సాబ్, ఒక్కసారి కుర్చీ ఇటు జరుపుకోండి."

నేను చూసింది ఆకుపచ్చటి చిన్న చుక్క. ఈ కాలపు రైఫిల్లో తూటా వెనకనుంచి పెడతాం. ఆనాటి తుపాకీలో అన్నీ మూతి నుంచే. ముందు తుపాకిమందు పోయాలి. గుడ్డపేలికలో చుట్టిన సీసపు గుండు పెట్టాలి. కడ్డీతో అడుగుదాకా దట్టాలి. వెనక చిన్న పిలకలాంటి గొట్టం ఉంటుంది, దానికి సన్నటి బెజ్జం. ఆ పిలక మీద శనగగింజంత రాగి టోపీ తొడుగుతారు. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి వచ్చి టోపీని కొడుతుంది. టోపీ కక్కిన నిప్పు బెజ్జంలోంచి మందుకు అందుతుంది. టోపీ లేకపోతే అది వట్టి కర్ర. ఆ గోడ మీది తుపాకికి టోపీ ఉంది. చిలుము పట్టి, దుమ్ము కప్పేసి, ఆ సుత్తి కింద అతుక్కుని ఉంది.

దాన్ని మెల్లగా దించి, మూతిని కిటికీ బయటి మట్టికట్ట వైపు తిప్పాను. కడ్డీని లోపలికి వదిలి, మూతి దగ్గర బొటనవేలు అదిమి పట్టుకుని బయటికి తీశాను. అదే కడ్డీని గొట్టం పక్కన ఆనించి చూశాను. అడుగుదాకా పోవలసిన కడ్డీ నాలుగు వేళ్లు ముందే ఆగింది. లోపల ఏదో ఉంది.

"లోడ్ అయి ఉంది సాబ్."

మేజర్ గారు కుర్చీలోంచి లేచారు. గోడను చూశారు. కుర్చీని చూశారు. తన నెత్తి ఒకసారి తడుముకున్నారు.

"ఎనిమిది నెలలు," అన్నారు. "ఎనిమిది నెలలుగా నేను అక్కడే కూర్చుని అందరినీ సేఫ్టీ మీద తిడుతున్నాను."

మర్నాడు పొద్దున బంగళా వెనక ఇసుకబస్తాలు పేర్చి పని మొదలుపెట్టాను. సుబేదార్ గారు అందరినీ దూరంగా నిలబెట్టారు. ఆయన తెనాలి వైపు మనిషి, పదవీ విరమణకు దగ్గరపడ్డవారు. గొంతు తగ్గించి మాట్లాడటం ఆయనకు చేతకాదు. టోపీ మీద నూనె చుక్కలు చుక్కలుగా వదిలి నాననిచ్చాను. సుత్తిని గోరంత గోరంతగా పైకెత్తాను. వెదురుపుల్లతో టోపీ ఊడదీశాను. మూతిలోంచి గోరువెచ్చటి నీళ్లు పోసి మందును తడిపేశాను. కడ్డీ కొసకు మరచుట్టు బిగించి గుండులోకి తిప్పి లాగితే, బుడుక్కుమని గుండు బయటికొచ్చింది. దాని వెనకే నల్లటి బురద.

"ఎన్నేళ్ల నాటి మందో. ఇదేం కాలుతుందయ్యా!" అని సుబేదార్ గారు ఆ బురదను రేకుమూత మీద ఎండబెట్టి, సాయంత్రం అగ్గిపుల్ల గీసి వంగి చూశారు. బుస్సుమంది. ఎడమవైపు మీసం కొస కాలింది. మూడో రోజుకు కుడివైపు కూడా కత్తిరించుకోక తప్పలేదు.

బంగళా యజమానురాలికి కబురు పంపాం. పటమటలో ఉంటారు. ఆడపిల్లల హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన సుగుణమ్మ టీచర్ గారు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. తెల్ల నేతచీర, నల్ల గొడుగు, లావుపాటి కళ్లద్దాలు. రిక్షా దిగి వరండాలోకి వచ్చి, విషయం విని కుర్చీలో కూలబడ్డారు.

"లోడ్ అయి ఉందా అండీ? మీకు బంగళా అద్దెకిచ్చేదాకా ఏటేటా రిక్షాలో ఒళ్లో పెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లి చూపించొచ్చేదాన్నండీ! లైసెన్సు నా పేరునే ఉంది. ఓసారి ఇన్‌స్పెక్టర్ గారు భుజాన ఆనించుకుని గురి కూడా చూశారు!"

"ఎవరి వైపండీ?" అన్నారు సుబేదార్ గారు.

"స్టేషన్లో రాతపని చేసే రైటర్ వైపు."

సుబేదార్ గారి నవ్వు నది అవతలి ఒడ్డుకు వినిపించి ఉంటుంది. టీచర్ గారు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

ఆ రైఫిలు వాళ్ల నాన్నగారిది. దొరల కాలంలో ఆయన కాలువల మీద సూపర్‌వైజరు. అడవిపందులు గట్లు తవ్వేస్తే చేలు మునిగేవి, వాటిని తరమడానికి కొన్నారట. ఆయన పోయి పాతికేళ్లు. తర్వాత దాన్ని ఎవరూ పేల్చలేదు. గుండుకు చుట్టిన పేలికను ఎండబెట్టి చూపించాను. నీలం చారల మందపాటి గుడ్డ. ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని చూశారు.

"దిండు గలీబండీ ఇది! అమ్మ దీనికోసం చాకలిమనిషితో దెబ్బలాట పెట్టుకుంది. నాన్నగారు మాత్రం పేపరు చదువుకుంటూ కూర్చున్నారు."

అదే రోజు అసలు గొడవ మొదలైంది. సెప్టెంబరు నెలాఖరులో జనరల్ సాబ్ తనిఖీకి వస్తున్నారు. రైఫిలు బాగుచేయించి హాల్లో పెట్టాలని, ఆయన ముందు ఒక గుండు పేల్చాలని మేజర్ గారికి ముచ్చట పుట్టింది. టీచర్ గారు సరేనన్నారు.

"అద్దంలా మెరవాలి," అన్నారు మేజర్ గారు. "ఎమెరీ కాగితం పెట్టి తెల్లగా తోముదాం. కర్రకు వార్నిష్."

టీచర్ గారు ఇంగ్లీషులో ఆయనకు ఒకటి చెప్పి, తెలుగులో నాకు ఇంకోటి చెప్పారు. "హవల్దారు గారూ, తోమి బోర్లించడానికి అది ఇత్తడి చెంబు కాదండి. నాన్నగారి చేతిలో ముదురు గోధుమరంగులో ఉండేది. మీకు చేతనైతే అలా చెయ్యండి. లేకపోతే ముట్టుకోకండి."

ఒకపక్క ఆఫీసరు హుకుం. ఇంకోపక్క వస్తువు గలావిడ మాట. మధ్యలో నేను, నా మొద్దు వేళ్లు. గొట్టాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచి చూశాను. పిలక కింద, తుప్పు చేరని మూలలో, గోరంత మేర పాత రంగు మిగిలి ఉంది. రేగుపండు ఎండితే వచ్చే రంగు. ఆవిడ చెప్పింది నిజం. ఆ రోజుల్లో గొట్టాలకు పూత పూసేవాళ్లు కారు. కావాలని తుప్పు పట్టించి, ఆ తుప్పును రుద్ది, మళ్లీ పట్టించి, చివరికి నూనెతో ఆపేసేవాళ్లు. అలా కుదిరిన సన్నటి తుప్పు ఇంకో తుప్పును రానివ్వదు.

మేజర్ గారికి అదే చెప్పాను.

"నువ్వు ఆర్మరర్‌వి. తుప్పు పట్టించడానికి నా దగ్గర పర్మిషన్ అడుగుతున్నావు."

"అవును సాబ్."

"నా సర్వీసులో ఎవరూ అడగలేదు." మీసం మెలేశారు. "సరే. అసహ్యంగా వచ్చిందంటే నీ బోర్డు దాకా ఆగను. నేనే కంబళ్ల గది తాళం నీకిస్తాను."

వన్ టౌన్‌కు సుబేదార్ గారే నన్ను తీసుకెళ్లారు. ఒక మూలికల కొట్లో నవాసాగరం కొన్నాం. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు వాడే తెల్లటి ఉప్పు అది. ఇంకో కొట్లో అవిసెనూనె, ఇంకోచోట తేనెమైనం. కొట్టాయన పొట్లం కడుతూ "కళాయి పెడతారా అండీ?" అన్నాడు. "తుప్పు పెడతాం" అన్నారు సుబేదార్ గారు గట్టిగా. కొట్టాయన గబగబా ముడేసి పొట్లం చేతిలో పెట్టాడు.

ముందు కర్ర పని. భుజానికి ఆనించే బట్‌కు ముందు, చెయ్యి పట్టే సన్నటి చోట నిలువునా పగులు. వడ్రంగులు కాచి వాడే వజ్రం అనే జిగురును పగుల్లోకి పట్టించి, తడితాడు బిగించి చుట్టి నాలుగు రోజులు వదిలేశాను. తాడు విప్పాక పాత మురికిని గాజుపెంకుతో సున్నితంగా గీకాను. దాని మీద అవిసెనూనె. గుడ్డతో రాస్తే నూనె పైపైన ఉంటుంది. అరచేత్తో రుద్దాలి, కర్ర వేడెక్కేదాకా. వేడెక్కితేనే నూనె తాగుతుంది. రోజూ రెండు పూటలా వరండాలో కూర్చుని రుద్దేవాణ్ణి. ఎదురుగా కృష్ణ మీద ఇసుకపడవలు పోతుండేవి. పక్కనే వైర్‌లెస్ ఆపరేటర్, మలయాళీ కుర్రవాడు, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని నా చేతిని చూసేవాడు.

"సాబ్, కర్రకు మసాజ్ చేస్తున్నారా, చేతికి చేస్తున్నారా?"

"రెంటికీ. నీకేంటి?"

"ఏంలేదు సాబ్. నా నడుం కూడా నొప్పిగా ఉంది."

తర్వాత గొట్టం. పై తుప్పంతా సన్నటి ఎమెరీతో దించి, సున్నపుతేటతో కడిగి జిడ్డు వదిలించాను. నవాసాగరం నీళ్లు దూదితో ఒక్క వరసలో పూసి స్నానాలగదిలో వేలాడదీశాను. చుట్టూ తడిగోనెలు. మా నంద్యాల వైపు ఇనుము ఆరుబయట పారేసినా తొందరగా ఎర్రబడదు. ఇక్కడ పగలు తుడిచిన రైఫిలుకు తెల్లారేసరికి మచ్చలు లేచేవి. వచ్చిన రోజు నుంచీ ఆ చెమ్మను తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ పదిహేను రోజులు మాత్రం వాన మొహం చూస్తే పండగలా ఉండేది. రోజూ పొద్దున గొట్టం మీద మెత్తటి ఎర్రటి నూగు. దాన్ని గరుకు గుడ్డతో రుద్ది దులపడం, మళ్లీ పూయడం. రోజురోజుకూ రంగు చిక్కబడుతోంది.

ఇంకో రెండు పూతలు మిగిలి ఉండగా, ఒకనాటి పొద్దున చూస్తే గొట్టం నడిమధ్య నాలుగు తెల్లమచ్చలు. పక్కపక్కనే, నాలుగు వేళ్లలా. అవి నాలుగు వేళ్లే. మా వంటవాడు బీహారు మనిషి. స్నానాలగదిలో అడ్డంగా ఉందని దాన్ని పక్కకు జరిపాడట. అప్పుడే పూరీలు వేయించి వచ్చిన చెయ్యి.

"కొంచెమే పట్టుకున్నాను సాబ్," అన్నాడు.

జిడ్డు తగిలినచోట రంగు పట్టదు. ఆ ముక్కకే వేస్తే అతుకులా కనబడుతుంది. మొత్తం గీకేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి. జనరల్ సాబ్ రావడానికి మూడు వారాలు కూడా లేదు. మేజర్ గారు వచ్చి ఆ వేళ్లగుర్తుల్ని చూసి వెనుదిరిగి వెళ్లిపోయారు. తిట్టి ఉంటేనే బాగుండేది. ఆ పూట నేను అన్నం సరిగా తినలేదు. సాయంత్రం టీచర్ గారు వచ్చారు. గొట్టం చూశారు, నా మొహం చూశారు.

"కూర్చోండి హవల్దారు గారూ. మా స్కూల్లో ఒక పిల్ల ఎక్కం తప్పినప్పుడల్లా ఏడ్చేది. నేనేం చేసేదాన్నో తెలుసా?"

"ఏం చేసేవారండీ?"

"ఒకటో ఎక్కం నుంచి చెప్పించేదాన్ని. మీరూ అంతే. గీకండి."

గీకాను. ఈసారి స్నానాలగది తలుపుకు తాళం వేసి, తాళంచెవి మెళ్లో వేసుకున్నాను. పన్నెండు మందీ బావి దగ్గర స్నానం చేశారు. వంటవాడికి ఆ రెండు వారాలు ఎవరూ మర్యాదగా గుడ్‌మార్నింగ్ చెప్పలేదు. దేవుడి దయ, ముసురు పట్టి వదల్లేదు. చివరి పూత తర్వాత మరిగే నీళ్లు పోసి తుప్పును చంపి, వేడిగా ఉండగానే తేనెమైనం, నూనె కలిపి రుద్దాను. వెలుతురులోకి తెచ్చాను. చీకట్లో నలుపు, ఎండలో ముదురు గోధుమ. మేజర్ గారు వేలితో ఒకసారి నిమిరి, వేలు వైపు చూసుకున్నారు. ఏమీ అంటలేదు.

"ఇది తుప్పా?"

"తుప్పే సాబ్."

"బాగుంది," అన్నారు, తప్పు ఒప్పుకుంటున్నట్టు ఇబ్బందిగా.

అందంగా ఉండటం వేరు, పేలేటప్పుడు పగలకుండా ఉండటం వేరు. మనిషి భుజానికి ఆనించే ముందు గొట్టాన్ని పరీక్షించాలి. లైసెన్సు చూపించి తుపాకిమందు, టోపీలు తెచ్చాం. రైఫిలును పాత లారీ టైరుకు కట్టి, ఇసుకబస్తాలు వేసి, నది వైపు మట్టికట్టకు గురిపెట్టాను. మందు రెట్టింపు పోశాను. ట్రిగ్గర్‌కు పొడుగాటి తాడు. అందరం గోడ వెనక. గురికి బాగా ఎడంగా కట్ట కొసన సెంట్రీ, చేతిలో వాకీటాకీ; వరండాలో ఆపరేటర్. ఆపరేటర్ పేరు వన్, సెంట్రీ పేరు టూ.

"వన్ మాట్లాడుతున్నాను. నది ఖాళీయేనా? ఓవర్."

"టూ. ఖాళీ కాదు. గడ్డిపడవ. ఓవర్."

ఆగాం. గడ్డిపడవ పోయింది.

"టూ, ఇప్పుడు? ఓవర్."

"గేదెలు ఈదుతున్నాయి. ఓవర్."

"ఎన్ని? ఓవర్."

"తలలే కనబడుతున్నాయి. ఓవర్."

గేదెలు ఒడ్డెక్కాయి. తర్వాత పెళ్లివారి పడవ వచ్చింది, సన్నాయితో సహా. మేళం దూరమయ్యాక సెంట్రీ గొంతు వినబడింది. "టూ. ఖాళీ. తొందరగా కానివ్వండి. ఓవర్."

తాడు లాగాను. ఆ చప్పుడు ఈ కాలపు రైఫిలు చప్పుడులా ఠప్పుమనదు. లోతైన బావిలో బండరాయి పడేసినట్టు ధుమ్మంటుంది. టైరు ఒక గెంతు గెంతింది. పొగ తేరాక పరుగెత్తాను. గొట్టానికి కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లాను. పగులుంటే నూనె ఊరి సుద్ద మీద గీతలా బయటపడుతుంది. సుద్ద తెల్లగానే ఉంది. కర్ర అతుకు కూడా కదల్లేదు. గోడ వెనకనుంచి సుబేదార్ గారు "ఏమయ్యా, బతికుందా?" అని అరిచారు. "మనందరికంటే గట్టిగా ఉందండీ" అన్నాను.

జనరల్ సాబ్ వచ్చే రోజు. గంజి యూనిఫారాలు. గేటుకు సున్నం. వంటవాడు పాపపరిహారంగా బూందీలడ్డూలు చేశాడు. టీచర్ గారు కొత్త తెల్లచీరతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. రాత్రంతా పెద్ద వాన పడింది, పొద్దునకి వెలిసింది. పది దాటింది. అప్పుడు ఆపరేటర్ వరండాలోంచి లేచి నిలబడ్డాడు.

"సాబ్, మెసేజ్. దారిలో వంతెన మునిగింది. జనరల్ సాబ్ వెనక్కి వెళ్లిపోయారు. రావడం లేదు."

మేజర్ గారు తల మీది టోపీ తీసి బల్ల మీద పెట్టారు. మూడు నెలల పని. అందరి మొహాలూ వానకు తడిసిన కాగితాల్లా అయిపోయాయి.

"ఆయన రాకపోతే ఏమండీ," అన్నారు టీచర్ గారు. "నేను వచ్చానుగా."

మేజర్ గారికి వెంటనే అర్థం కాలేదు.

"అన్నయ్యలిద్దరూ దీన్ని పేల్చారు. ఒకడికి పదకొండేళ్లు, ఒకడికి తొమ్మిది. నేను అందరికంటే పెద్దదాన్ని. నన్ను మాత్రం నాన్నగారు వరండా స్తంభం దాటి రానిచ్చేవారు కాదు. ఆడపిల్లవి, చెవులు మూసుకో అనేవారు. చెవులు మూసుకుని ఎన్నిసార్లు చూశానో!" ఆవిడ లేచి కొంగు నడుముకు దోపారు. "ఇప్పుడు తుపాకీ నాది, లైసెన్సూ నాది."

అన్నయ్యలంటూనే పెద్దదాన్ని అన్నారేమిటని నాకు అనుమానం వచ్చింది. సుబేదార్ గారు అడగనే అడిగారు. "పిన్ని కొడుకొకడు, తమ్ముడొకడండీ. మగపిల్లలు కదా, ఇంట్లో అందరూ అన్నయ్యా అన్నయ్యా అని పిలిచి నా నోటికీ అలవాటు చేశారు" అన్నారావిడ.

"మేడమ్, భుజానికి గట్టిగా తన్నుతుంది," అన్నారు మేజర్ గారు.

"ఆడపిల్లల హైస్కూలు నడిపినదాన్నండీ. దీని తన్ను ఎంత!"

మేజర్ గారు నా వైపు తిరిగి తల ఊపారు. మందు సగమే పోశాను. గుడ్డలో గుండు చుట్టి దట్టాను. ఆవిడ భుజానికి మడతపెట్టిన దుప్పటి కట్టాం. సుబేదార్ గారు వెనక నిలబడ్డారు, పడితే పట్టుకోవడానికి. కట్ట దగ్గర ఖాళీ కిరసనాయిలు డబ్బా గురి. ఇక టోపీ మిగిలింది. పరీక్ష రోజు దాన్ని ఎడమచేత్తోనే తొడిగాను. ఆ రోజు ఎడమచేత్తో గొట్టం పట్టుకుని ఉన్నాను. ఆలోచించకుండానే కుడిచెయ్యి పోయింది. శనగగింజంత రాగి టోపీ. చూపుడువేలు, బొటనవేలు మధ్య దాని అంచు గుచ్చుకుంది. గుచ్చుకున్నట్టు నాకు తెలిసింది. చూడకుండానే పిలక మీద తొడిగాను.

తల ఎత్తితే మేజర్ గారు నా చేతినే చూస్తున్నారు.

"వన్ మాట్లాడుతున్నాను. నది? ఓవర్."

"టూ. ఖాళీ. గేదెలు కూడా లేవు. ఓవర్."

టీచర్ గారు కళ్లద్దాలు సరిచేసుకున్నారు. బుగ్గ కర్రకు ఆనించారు. అందరం చెవులు మూసుకున్నాం. ధుమ్మంది. గాలి బొత్తిగా లేదు. తెల్లటి పొగ ఆవిణ్ణీ సుబేదార్ గారినీ ఒక్కసారిగా మింగేసింది. కిరసనాయిలు డబ్బా కదల్లేదు. దానికి బాగా ఎడంగా, కట్ట మీద బోర్లించి ఉన్న వంటవాడి అల్యూమినియం బకెట్ మాత్రం గాల్లోకి లేచి పడింది. ఈవైపు నుంచి ఆవైపుకు బెజ్జం. వంటవాడు లబలబలాడాడు. మేజర్ గారు కడుపు పట్టుకుని నవ్వారు. పూరీ చేతికీ బకెట్‌కీ లెక్క సరిపోయిందన్నారు. జనరల్ సాబ్ కోసం చేసిన లడ్డూలన్నీ మధ్యాహ్నానికల్లా మేమే తినేశాం.

మరుసటి జూలైలో మెడికల్ బోర్డుకు వెళ్లాను. బల్ల మీద చిన్నచిన్న మరలు, నట్లు పోసి కళ్లు మూసుకుని బిగించమన్నారు. బిగించాను. ఒకటి జారింది, మిగతావన్నీ కుదిరాయి. చూపుడువేలు పూర్తిగా మనిషయింది, మధ్యవేలు ఇప్పటికీ సగమే. ఆర్మరర్‌గానే ఉంచారు. ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు చేశాను, చాలా చోట్ల. విజయవాడ వదిలిన రోజు సుబేదార్ గారు స్టేషన్‌కు వచ్చి, అందరికీ వినబడేలా జాగ్రత్తలు చెప్పి ఎక్కించారు. టీచర్ గారు పులిహోర కట్టి పంపారు. తుపాకి తిరిగి హాల్లోనే ఉంది. ఈసారి రెండు మేకులూ నేనే కొట్టాను, మూతి పైకప్పు వైపు ఉండేట్టు.

ఊళ్లో అడుగుతుంటారు, సైన్యంలో ఏం చూశావని. కొండల గురించి, మంచు గురించి చెబుతాను, వాళ్లకు కావలసింది అదే. నా కళ్లకు కట్టి ఉండేది వేరు. ఆ పొగ. తెల్లచీర, తెల్లజుట్టు, తెల్లపొగ కలిసిపోయి మనిషి ఆనవాలు దొరకలేదు. "టీచర్ గారూ!" అని కేకేశాను. రెండడుగులు ముందుకు వేశాను. ముందు గోధుమరంగు గొట్టం బయటపడింది. తర్వాత మసిబారిన కళ్లద్దాలు. ఆవిడ నిలబడే ఉన్నారు. ఒక కాలికి చెప్పు లేదు. నవ్వుతున్నారు, బళ్లో గంట కొట్టగానే బయటికి ఉరికే పిల్లలా. ఆ పొగలోంచి కుడి అరచెయ్యి తెరిచి నా వైపు చాచారు.

"ఇంకో టోపీ ఇవ్వండి హవల్దారు గారూ."